ఆర్తి కూడ ఆరాధనమే: రామదాసుని చెరసాల నేర్పిన ప్రార్థన

శ్రీరామచంద్రపరబ్రహ్మణే నమః



అర్చకత్వములో నున్నవారిని భక్తులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. తీర్థము పుచ్చుకొని, పక్కవారు దూరముగా జరిగిన పిమ్మట గొంతు తగ్గించి అడుగుదురు. "స్వామీ, ఇన్నేళ్ళుగా కొలుస్తున్నాను. కష్టం తీరలేదు. రాత్రి దేవుడితో పోట్లాడాను. అసలు నువ్వున్నావా అని అడిగేశాను. నాకు పాపం చుట్టుకుంటుందా?"

నిరాశలో నున్నవాని ప్రార్థన ఎట్లుండవలెనో మనకొక ఊహ కలదు. మనస్సు ప్రశాంతముగా, వాక్కు వినయముగా, విశ్వాసము నిశ్చలముగా నుండవలెనని తలంతుము. అట్లు లేనప్పుడు ప్రార్థనకే అనర్హులమని భావించి పూజామందిరము తలుపు మూసివేయుదుము. అసలు ప్రమాదము అచ్చటనే కలదు. సంశయము కలుగుట మానవసహజము. దానిని భగవంతునికి విన్నవింపక లోలోపల దాచుకొని, ఆయనకు వెన్ను చూపి నడచిపోవుట వలననే మనుష్యుడు చెడును. ఈ భేదమును మన తెలుగునేలపై 17వ శతాబ్దములో నొక భక్తుడు తన జీవితముతోనే నిరూపించెను. ఆయనయే భద్రాచల రామదాసు.

శాస్త్రము ఏమి చెప్పుచున్నది?

భగవద్గీత ప్రథమాధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. గాండీవము జారవిడిచి, కన్నీటితో రథముపై చతికిలబడినవాని దుఃఖమునకు యోగమను పేరేల వచ్చెను? ఆ దుఃఖము శ్రీకృష్ణుని యెదుట వెల్లడి చేయబడినది గనుక. అదే దుఃఖముతో అర్జునుడు రథము దిగి, ఎవరికిని చెప్పక అరణ్యమునకు పోయియుండిన యెడల అది కేవలవిషాదముగనే మిగిలియుండును. సప్తమాధ్యాయములో స్వామి తన్ను భజించు సుకృతులను నాలుగు విధములుగా విభజించుచు ఆర్తుని మొట్టమొదట పేర్కొనెను. జ్ఞాని తనకు ఆత్మతుల్యుడని చెప్పుచునే, నలుగురును ఉదారులే యని అనుగ్రహించెను. కనుక కష్టము వచ్చినప్పుడు మాత్రమే దేవుడు జ్ఞప్తికి వచ్చెనని సిగ్గుపడువారు ఆ సిగ్గును విడువవచ్చును. ఆర్తునకు భక్తకోటిలో స్థానము స్వామియే ఇచ్చెను.

బమ్మెర పోతనామాత్యుని భాగవతమున అష్టమస్కంధములోని గజేంద్రమోక్షణమును ఎరుగని తెలుగువాడుండడు. మకరితో పోరాడి పోరాడి శక్తి యుడిగిన గజరాజు శ్రీహరిని ప్రార్థించుచు, ఆ ప్రార్థన నడుమనే సందేహమున పడును. దీనుల పాలిట నున్నాడని లోకము చెప్పుకొను ఆ పరమాత్మ నిజముగా నున్నాడా యని తర్కించుకొనును. పోతన ఈ సంశయమును కప్పిపుచ్చలేదు. ప్రార్థన నుండి తొలగింపలేదు. గజేంద్రుని అనన్యశరణాగతి ఈ సందేహమును దాటిన పిమ్మటనే వచ్చుచున్నది. సందేహించిన నోటితోనే గజరాజు శరణు వేడెను. ఆ పిలుపునకే వైకుంఠము కదలెను.

గోపన్న వృత్తాంతము

ఇక చరిత్రకు వత్తము. రామదాసుని అసలు నామధేయము కంచర్ల గోపన్న. నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి ఆయన స్వగ్రామము. తల్లిదండ్రులు కామాంబ, లింగన్న. గోలకొండ కొలువులో ప్రసిద్ధులైన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని సంప్రదాయము. 1672లో అబుల్ హసన్ కుతుబ్ షా సింహాసనమెక్కెను. ఆయననే మనవారు తానీషా యందురు. ఆయన ఏలుబడిలో మాదన్న ప్రధానామాత్యుడాయెను. గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నియమితుడాయెను. గోదావరీతీరమున వెలసిన భద్రగిరి ఆ అధికారపరిధిలోనిదే.

పోకల దమ్మక్క యను భక్తురాలు భద్రగిరిపై స్వామిని కనుగొని, పందిరి వేసి, తనకు దొరికిన ఫలములను నివేదించుచు కొలుచుచుండెనని స్థలపురాణము. అచ్చటి రాముడు చతుర్భుజుడు. వామాంకమున సీతమ్మను ధరించిన వైకుంఠరాముడు. ఆ స్వామికి తగిన ఆలయము లేకుండుట చూచి గోపన్న నిర్మాణమునకు పూనుకొనెను. గర్భాలయము, ప్రాకారములు, గోపురము, మండపములు లేచినవి. స్వామికిని అమ్మవారికిని పరివారమునకును ఆభరణములు సిద్ధమైనవి. ప్రజలిచ్చిన విరాళములు చాలక, సర్కారునకు చెల్లింపవలసిన శిస్తు సొమ్మును కూడ గోపన్న ఈ కార్యమునకే వెచ్చించెను. అది మొత్తము 6 లక్షల వరహాలని పరంపరగా చెప్పుకొనుచున్నారు.

ఇచ్చట నిష్పక్షపాతముగా నొక మాట చెప్పుకొనవలెను. తానీషా మతద్వేషి కాడు. ఆయన సర్వాధికారియే బ్రాహ్మణుడు. తాను రాజు కాకపూర్వము సూఫీ గురువైన షా రాజు యొద్ద శిష్యుడై మెలగినవాడు. గోపన్నపై వచ్చిన అభియోగము శిస్తు బకాయిని గూర్చినది. ప్రభుత్వధనమునకు లెక్క చెప్పవలసిన బాధ్యత ఉద్యోగికి ఏ కాలమందైనను కలదు. కనుక గోపన్న చెరసాలలో అడుగిడునప్పటికి ఆయన హృదయములో రెండు బాధలున్నవి. ఒకటి, రాముని కొరకు చేసిన పనికి రాముడే అడ్డుపడలేదను బాధ. రెండవది, లోకన్యాయము దృష్టిలో తాను నిర్దోషినని చెప్పుకొనలేని బాధ. మనలో అనేకుల కష్టము ఈ రీతిదే గదా! పూర్తిగా ఇతరుల తప్పు కాదు, పూర్తిగా మన తప్పును కాదు. "చేసుకున్నదే అనుభవిస్తున్నాను, ఇక దేవుణ్ణి ఏ మొహంతో అడగను?" అని కుమిలిపోవువారికి గోపన్న చరిత్రము మొదటి ధైర్యమును చెప్పుచున్నది. ప్రార్థించుటకు నిర్దోషిత్వము అర్హత కాదు. ఆర్తి చాలును.

ఆయన 12 సంవత్సరములు బందీగా నుండెనని సంప్రదాయము. తానీషా రాజ్యకాలమే 1672 నుండి 1687 వరకు, అనగా 15 సంవత్సరములు. ఒక ప్రభువు ఏలుబడిలో అధికభాగము గోపన్నకు చీకటిగదిలోనే గడచెను. మేనమామ ప్రధానామాత్యుడై కొలువు తీరిన రాజ్యములోనే మేనల్లుడు దెబ్బలు తినుచుండెను. లోకములో నున్న పెద్ద అండ కూతవేటు దూరములో నుండియు పనికిరాలేదు. నిరాశకు ఇంతకు మించిన హేతువేమి కావలెను?

గోలకొండ కోటలో రామదాసుని బందీఖానాగా నేటికిని చూపబడు గది కలదు. దాని గోడపై సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపములు చెక్కబడియున్నవి. అవి రామదాసు స్వహస్తములతో మలచుకొన్నవని జనవిశ్వాసము. ఆలయమును కట్టించినవానికి ఆలయప్రవేశము లేకపోగా, చెరసాల గోడయే గర్భాలయమాయెను.

చెరసాలలో పుట్టిన పాట

రామదాసుని కీర్తనలను భక్తిగా పాడుకొందుముగాని, వాని భావమును గూర్చి నిలిచి యోచించుట తక్కువ. యోచించిన యెడల, నిరాశలో నున్న మనస్సు భగవంతుని యెదుట ఎన్ని విధములుగా నిలువగలదో అన్ని విధములును వానిలో కనబడును.

ఒక కీర్తనలో ఆయన స్వామి మౌనమును గూర్చి మొరపెట్టుకొనును. ఎంత పిలిచినను బదులు రాదు. స్వామి నోటి మాట బంగారము వలె దుర్లభమైపోయినదని వాపోవును. ప్రార్థించువానికి కష్టము కంటె దుస్సహమైనది ఈ మౌనమే. ఐనను ఆ కీర్తనలోనే ఆయన ఇసుకలో పొర్లిన ఉడుతను స్వామి కరుణించిన సంగతిని, రాయిని స్త్రీగా చేసిన సంగతిని తలచుకొనును. నేడు బదులు రాలేదు. నాడు వచ్చినది గదా! తన అనుభవములో ఆధారము దొరకనప్పుడు పూర్వభక్తుల అనుభవమును ఊతకర్రగా పట్టుకొనెను.

మరియొక కీర్తనలో ఆయన రాముని వదలి సీతమ్మ వద్దకు పోవును. ఏకాంతవేళ స్వామితో తన మాట చెప్పుమని ఆమెను వేడుకొనును. ఇది కేవలము కవిచమత్కారము కాదు. శ్రీవైష్ణవసంప్రదాయములో దీనిని పురుషకారమందురు. జీవుడు తన దోషములతో నేరుగా ఈశ్వరుని యెదుట నిలువలేనప్పుడు, తల్లి మధ్యవర్తినియై వాత్సల్యముతో నివేదించును. పిళ్ళైలోకాచార్యులు శ్రీవచనభూషణమున, రామాయణము చెరలో నున్న ఆ తల్లి మహిమను చెప్పు ఇతిహాసమని నిరూపించిరి. ఈ మాటను రామదాసుని యెడ అన్వయించి చూడుడు. చెరలో నున్న బిడ్డ, చెర అననేమో ఎరిగిన తల్లిని ఆశ్రయించెను. అశోకవనములో మాసములు లెక్కించిన ఆమెకు గోలకొండలో సంవత్సరములు లెక్కించువాని బాధను వివరించి చెప్పవలసిన పని యేమి?

ఇక మూడవది మిక్కిలి ప్రసిద్ధమైన నిందాస్తుతి. సహనము నశించిన గోపన్న ఉద్యోగి భాషలోనే స్వామికి లెక్క అప్పజెప్పును. ప్రాకారములకైన వ్యయమెంత, భరతునకు చేయించిన పచ్చల పతకమెంత, లక్ష్మణుని ముత్యాల పతకమెంత, శత్రుఘ్నుని మొలత్రాడెంత, సీతమ్మ చింతాకు పతకమెంత అని పదివేల వంతున పద్దులు చదువును. ఇన్ని ధరించి కులుకుచున్నావే, ఇవి నీ తండ్రి పెట్టినవా, నీ మామ పంపినవా యని నిలదీయును. శిస్తు లెక్కలు చెప్పలేక చెరసాల పాలైనవాడు, ఆ లెక్కలనే తన ప్రభువునకు చదివి వినిపించుచున్నాడు! ఆ వెంటనే అదే కీర్తనలో, దెబ్బలకు ఓర్వలేక తిట్టితినేగాని మరియొకటి కాదని, ఆయాసపడవద్దని బ్రతిమాలుకొనును.

ఈ తిట్టునకును ఆ బ్రతిమాలుటకును నడుమ ఎంత దూరము కలదో గమనింపుడు. ఏమియు లేదు. పరాయివానిని తిట్టినవాడు వెంటనే క్షమాపణము కోరడు. తనవాడైనవానిని తిట్టినవాడే తిట్టిన మరుక్షణమున నొచ్చుకొనును. అలిగిన బిడ్డ అన్నము వద్దని తల్లి ముందే కూర్చుండునుగాని పొరుగింటికి పోయి కూర్చుండడు. రామదాసుని కోపమునకు ఒకే ముఖము కలదు, అది భద్రాద్రి వైపు తిరిగియున్నది. దేవునితో పోట్లాడితిని, పాపమా యని అడుగువారికి సమాధానము ఇదియే. పోట్లాడుటకు ఎదుట ఒకరుండవలెను. ఆయన యున్నాడని లోపల నమ్మినందుననే మీ నోట ఆ ప్రశ్న వచ్చినది. నమ్మకము పూర్తిగా నశించినవాడు పోట్లాడడు.

రామాయణములోని రెండు అంచులు

రామదాసునకు ఈ ధైర్యము ఎచ్చట దొరకెను? ఆయన జీవితమంతయు పారాయణము చేసిన రామకథలోనే. సుందరకాండ త్రయోదశసర్గమును స్మరింపుడు. లంక యంతయు వెదకియు సీతను కానని ఆంజనేయుడు నిరాశలో మునిగిపోవును. ఈ వార్తతో తిరిగిపోయిన రాముడు జీవింపడు, ఆయన లేక లక్ష్మణుడుండడు, అయోధ్యయు కిష్కింధయు నశించునని ఒకదాని వెంట నొకటిగా ఊహించుకొనును. తాను తిరిగి పోరాదనియు, ప్రాణములు విడుచుటయే మేలనియు తలంచును. బుద్ధిమంతులలో శ్రేష్ఠుడని మనము కొలుచు హనుమంతుని మనస్సే ఇంతటి చీకటిని చూచెను! అప్పుడే ఆయనకు వివేకము కలుగును. మరణములో దోషములు అనేకములు, జీవించియున్నవాడు శుభమును చూచునని నిశ్చయించుకొనును. వెదకని చోటు అశోకవన మొకటి మిగిలెనని గమనించును. సీతారామలక్ష్మణులకు, రుద్రేంద్రాదిదేవతలకు నమస్కరించి ముందుకు సాగును. ఆ వనములోనే తల్లి కలదు.

ఆ తల్లియు అట్టి అంచుననే నిలిచియున్నది. రావణుని బెదరింపులతో విసిగి, తన జడతోనే ప్రాణత్యాగము చేసికొందునని ఆమె తలంచిన సమయముననే శుభశకునములు తోచినవి. కొమ్మల నడుమ హనుమంతుడు అప్పటికే కూర్చుండియున్నాడు. సహాయము తలపైనున్న కొమ్మకు వచ్చి చేరినను, ఆమెకది ఇంకను తెలియదు. నిరాశ యొక్క స్వరూపమే ఇట్టిది. అది తనకు కనబడినంతవరకే లోకమని నమ్మించును.

ఈ రెండు ఘట్టములను మనవారు ఇంటింట పారాయణము చేయుట ఊరక కాదు. జీవితము వద్దనిపించు గడియ మహాత్ములకును వచ్చెను. ఆ గడియ గడచిపోయెను. గడచిన పిమ్మట శుభము కలిగెను.

విడుదల, ఆ తరువాత

రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను సేవకుల వేషమున తానీషా యొద్దకు రాత్రివేళ వచ్చి, 6 లక్షల ధనమును చెల్లించి, రసీదు పుచ్చుకొని పోయిరని భక్తలోకము నమ్ముచున్నది. తనకు దర్శనమిచ్చినవారు ఎవరో తెలిసికొన్న తానీషా గోపన్నను విడిపించెననియు, స్వామి తనకు మాత్రము కనబడలేదేయని గోపన్న విలపించెననియు కథ. విడుదలలోనే మరియొక వియోగమును చూచిన ఈ కథనము, కష్టము తీరుటయు భగవద్దర్శనమును ఒక్కటి కావని మనకు సూచించుచున్నది.

అధికారమున నున్నవారి గతి యేమాయెను? అక్కన్న, మాదన్నలు 1685-86 ప్రాంతమున హత్యకు గురియైరి. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొనెను. గోపన్నను బంధించిన తానీషాయే దౌలతాబాదు కోటలో బందీయై, అచ్చటనే కన్నుమూసెను. దీనిని ప్రతీకారముగా చూచుట రామభక్తునకు తగదు. సింహాసనమునకును చెరసాలకును నడుమ మనము ఊహించుకొనునంతటి దూరము లేదని మాత్రము గ్రహించిన చాలును.

మిగిలినది పాట. తరువాతి శతాబ్దమున జన్మించిన త్యాగరాజస్వామి (1767-1847) దేవగాంధారి రాగములోని తమ కృతిలో, తన్ను చింతలపాలు చేయుట న్యాయమా యని క్షీరసాగరశయనుని అడుగుచు, తాము విన్న రక్షణలను వరుసగా జ్ఞప్తి చేయుదురు. గజేంద్రుని కాచినది, ద్రౌపదికి వస్త్రములిచ్చినది, సీతకొరకు సముద్రము దాటినది. వాని సరసన రామదాసుని బంధవిమోచనము కూడ నిలిచెను. రామదాసు చీకటిలో ఉడుతను తలచుకొనెను. త్యాగయ్య తమ చింతలో రామదాసుని తలచుకొనిరి. ఒకని ఆర్తి మరియొకనికి ఆధారమగుట యన నిదియే. నేడు మీరు పడు బాధ, రేపు మీ యింటిలో నెవరికో ధైర్యవచనము కావచ్చును.

మనము చేయదగినది

నిరాశ కమ్ముకొన్నప్పుడు స్తోత్రములు నోరాడవు, జపసంఖ్య నిలువదు. అప్పుడు ఉన్న మాటను ఉన్నట్లే, మీ యింటి భాషలోనే, స్వామికి చెప్పుడు. కోపము వచ్చిన కోపమునే నివేదింపుడు. పెదవి కదలనినాడు ఒక్క నామము చాలును. అదియు కష్టమైనచో దీపము వెలిగించి మౌనముగా కూర్చుండుడు. మీకు స్వామిపై అలుకయున్నచో అమ్మవారి సన్నిధికి పొండు. పూర్వము ఏ చిన్న ఆపద గట్టెక్కినదో దానిని తలచుకొనుడు.

మరియొక ముఖ్యవిషయము. ప్రార్థించువాడు మనుష్యుల సహాయమును వద్దనరాదు. సీతమ్మకు రాముని సహాయము ఒక వానరుని రూపమున వచ్చెను. మొదట ఆమె రావణమాయ యని శంకించెను. తరువాత నమ్మి, అంగుళీయకమును అందుకొనెను. బ్రదుకు భారమనిపించు గడియలో ఇంటివారికి, పెద్దలకు, స్నేహితులకు, వైద్యునకు మీ స్థితిని దాచక చెప్పుడు. వారి చేతిలో నున్నది స్వామి పంపిన ఉంగరమే కావచ్చును.

ప్రతి సంవత్సరము శ్రీరామనవమినాడు భద్రాద్రిలో సీతారామకల్యాణము జరుగును. తానీషా నాడు మొదలైన ఆచారము ననుసరించి ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు వచ్చును. నవాబుల కాలము గడచి, రాజ్యములు మారినను ఆ ఆచారము ఆగలేదు. ఆనాడు రామదాసు చేయించిన ఆభరణములను అర్చకస్వాములు ఒక్కొక్కటిగా జనులకు చూపి, సీతారాములకు అలంకరింతురు. చింతాకు పతకమును, పచ్చల పతకమును జనులు కన్నులారా చూతురు. చెరసాలలో దెబ్బలు తినుచు, ఎవని సొమ్మని కులుకుచున్నావని గోపన్న నిలదీసిన నగలే అవి. స్వామి వానిని తీసివేయలేదు. ఆ తిట్టును మరచిపోలేదు. ఆభరణముగా ధరించియే పెండ్లిపీటపై కూర్చుండుచున్నాడు.

శ్రీరామార్పణమస్తు.